ఈసీఈలో చేరుతున్నాను, కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. 45 వేలలో ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలి?

పొదిలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది పొదిలి దగ్గర చిన్న ఊరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో నాకు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) సీటు వచ్చింది, ఇంకో మూడు వారాల్లో హాస్టల్లో చేరాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంటర్ ఎంపీసీ. ఫోన్ బాగానే వాడతాను గానీ కంప్యూటర్ ముందు కూర్చున్నది మొత్తం కలిపితే పదిసార్లు కూడా ఉండదు. మీసేవలో అప్లికేషన్ పెట్టించేటప్పుడు పక్కన నిలబడి చూసిందే ఎక్కువ.

నాన్న పొగాకు అమ్మిన డబ్బులో 45 వేలు దీనికని పక్కన పెట్టారు. బ్యారన్‌లో (ఆకును వేడితో పదును చేసే గదిలో) పొగాకు కాల్చే రోజుల్లో ఆయన రాత్రంతా అక్కడే కూర్చుని వేడి చూసుకుంటూ ఉంటారు, ఆ డబ్బు తీసుకెళ్లి తెలియక ఏదో ఒకటి కొనేస్తానేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. మళ్లీ నాలుగేళ్ల దాకా ఇంకోటి కొనిపెట్టమని అడగలేను.

మొన్న టౌన్లో ఒక షాపుకెళ్తే మూడు చూపించారు. ఒకటి ఐ7, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) అన్నారు, 29 వేలు. రెండోది రైజెన్ 5 7520యూ, 8 జీబీ ర్యామ్, 512 జీబీ, కొత్తది, 42 వేలు. మూడోది ఐ3-1215యూ, అది కూడా 8 జీబీ, 512 జీబీ, కొత్తది, 41 వేలు. షాపాయన ఐ7 అంటే అన్నిటికంటే టాప్ అని, ఐ3 అంటే పిల్లలు ఆడుకునేదని చెప్పారు. మా బావ కూడా ఐ7 తీసుకుని మిగిలిన 16 వేలు హాస్టల్ ఫీజుకి ఉంచుకోమంటున్నాడు. వినడానికి అదే బాగుంది కానీ ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు.

ర్యామ్, ఎస్ఎస్‌డీ అంటే అసలు ఏమిటో కూడా ఎవరైనా చెప్పండి. ఫోన్ డబ్బా మీద కూడా ర్యామ్ అని రాసి ఉంది, అదే ఇదా? గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందేనా?


ఫైనల్ ఇయర్ ఈసీఈ:

చెల్లీ, ముందు ఒక పని చెయ్యి. ఆ ఐ7 పక్కన ఇంకో నంబర్ ఉంటుంది, అది కనుక్కుని ఇక్కడ రాయి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ నుంచి ఒకే కాలంలో వచ్చిన ప్రాసెసర్ల (ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ చేసే చిప్‌ల) మధ్య తేడా చెప్పే పేర్లు మాత్రమే, ఏ కాలం నాటిదో చెప్పేది ఆ తర్వాతి నంబర్. బస్సు మీద సూపర్ లగ్జరీ అని రాసి ఉన్నంత మాత్రాన ఎక్కేయం కదా, అది ఎన్నేళ్ల బస్సో, సీట్లు ఎలా ఉన్నాయో చూస్తాం. నువ్వు రాసిన ఐ3-1215యూలో మొదటి రెండు అంకెలు 12, అంటే పన్నెండో జనరేషన్, 2022లో వచ్చింది. చివర ఉన్న యూ అంటే కరెంటు తక్కువ తాగే రకం. అక్కడ హెచ్ అని ఉంటే పని వేగంగా చేస్తుంది గానీ వేడి ఎక్కువ, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

ర్యామ్ అంటే వంటగట్టు అనుకో. గట్టు ఎంత వెడల్పుంటే అన్ని గిన్నెలు ఒకేసారి పరుచుకుని వంట చేసుకోవచ్చు. ఎస్ఎస్‌డీ అంటే సరుకులన్నీ దాచుకునే అల్మారా. ఫోన్‌లో ఉన్న ర్యామ్ కూడా ఇదే పని చేస్తుంది. గట్టు చిన్నదైతే ప్రతిసారీ గిన్నె తీసి అల్మారాలో పెట్టడం, ఇంకోటి తేవడం, అందుకే సిస్టమ్ నత్తలా కదులుతుంది. ఇంకా ఎవరైనా పాత రకం హార్డ్ డిస్క్ ఉన్నది, 1 టీబీ అని చెప్పి ఇస్తానంటే మాత్రం వద్దను, లోపల తిరిగే పళ్లెం ఉంటుంది దానికి, విండోస్ ఆన్ అవ్వడానికే నిమిషాలు పడుతుంది. ఎస్ఎస్‌డీ 512 ఉంటే నీకు చాలు.

గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మన బ్రాంచికి నాలుగేళ్లలో నాకు ఒక్కసారి కూడా దానితో పని పడలేదు. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోల పైనే ఉంటుంది, చార్జర్ ఇటుకంత ఉంటుంది, రోజూ హాస్టల్ నుంచి బ్లాకుకి మోస్తే భుజం పోతుంది.


పొదిలి అమ్మాయి:

అక్కా, థ్యాంక్స్. షాపుకి ఫోన్ చేస్తే చూసి చెప్పారు, ఐ7-6600యూ అట. అంటే ఆరో జనరేషనా?


రిపేరు బల్ల:

అవునమ్మా, ఆరో జనరేషనే. 2015లో వచ్చింది. నేను ఒంగోల్లో ల్యాప్‌టాప్ రిపేరు షాపు నడుపుతున్నాను, పదకొండేళ్లయింది, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

ఐ7-6600యూలో కోర్లు రెండే. కోర్ అంటే పని చేసే మనిషి అనుకో. నువ్వు చులకనగా విన్న ఆ ఐ3-1215యూలో ఆరు కోర్లున్నాయి. కాబట్టి పేరులో 7 ఉన్నా పనిలో 3 దానికంటే చాలా ముందుంటుంది. ఇక అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి మాత్రమే అధికారికంగా ఒప్పుకుంటుంది. ఆరో జనరేషన్ మీద ఏదో తిప్పలు పడి ఎక్కిస్తారు, షాపులో చూసినప్పుడు విండోస్ 11 బాగానే నడుస్తుంది, తర్వాత ఒక పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోతే అప్పుడు నీకు చెప్పేవాళ్లుండరు. అలా ఆగిపోయినవి నా బల్ల మీదికి చాలా వస్తున్నాయి, తెచ్చేది ఎక్కువగా చదువుకునే పిల్లలే, అందుకే బాధనిపించి ఇంత రాస్తున్నాను.

రిఫర్బిష్డ్ అనగానే భయపడాలని నేను అనను. కంపెనీల్లో వాడి తీసేసిన మంచి గట్టి ల్యాప్‌టాప్‌లు వస్తాయి, మా అమ్మాయి వాడేది అదే, ఎనిమిదో జనరేషన్ ఐ5, నేనే ఏరి తెచ్చాను. కానీ దానికి చూసేవాళ్లు పక్కన ఉండాలి. బ్యాటరీ ఎంత మిగిలిందో విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు, కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే ఎంత పడుతోంది అని రెండు లెక్కలు కనిపిస్తాయి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. స్క్రీన్ మీద మచ్చలు, కీబోర్డులో ప్రతి అక్షరం, అన్ని పోర్టులు, వైఫై, కెమెరా, ఇవన్నీ చూడాలి. నీకు కొత్త, పక్కన తెలిసినవాళ్లు లేనట్టుంది, ఈ బేరం నీకు వద్దు. కొత్తదానికి కనీసం ఏడాది కంపెనీ వారంటీ ఉంటుంది, ఏదైనా అయితే సర్వీస్ సెంటర్‌కి వెళ్లి బిల్లు చూపించి అడగొచ్చు.


బెంగళూరు ఈసీఈ:

నేను 2016లో ఈసీఈ పూర్తి చేశాను, ఇప్పుడు బెంగళూరులో చిప్ డిజైన్ పనిలో ఉన్నాను. అందరూ ఏది కొనాలో చెప్తున్నారు గానీ, ఇప్పుడే కొనాలా అని ఎవరూ అడగలేదు. ఫస్టియర్‌లో ఉండేది మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లిష్, ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ (డ్రాయింగ్), సీ ప్రోగ్రామింగ్, వీటికి కాలేజీ ల్యాబే చాలు. నేను థర్డ్ ఇయర్‌లో కొన్నాను, ఏ లోటూ రాలేదు. ఇప్పుడు కొంటే థర్డ్ ఇయర్‌కి అది పాతబడుతుంది. అసలు బరువైన సాఫ్ట్‌వేర్ వచ్చేది అప్పుడే, వెరిలాగ్ (చిప్ డిజైన్‌ని కోడ్‌లా రాసే భాష) నేర్చుకునేటప్పుడు వాడే వివాడో అనే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేస్తే పదుల జీబీలు తినేస్తుంది, 8 జీబీ ర్యామ్ మీద డిజైన్ రన్ చేస్తే టీ తాగొచ్చినా అవ్వదు. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, దానితో ల్యాప్‌టాప్‌లు కూడా. ఏడాది ఆగి 16 జీబీది తీసుకో అనేదే నా సలహా. నాన్నగారి డబ్బు అంత కష్టపడి వచ్చిందంటున్నావు కాబట్టి చెప్తున్నాను.


ఫైనల్ ఇయర్ ఈసీఈ:

అన్నా, సాఫ్ట్‌వేర్ గురించి మీరు చెప్పింది నిజమే, ర్యామ్ గురించీ నిజమే. కానీ ఏడాది ఆగమనడం మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

నేను కూడా ఈ చెల్లిలాగే వచ్చాను. మా ఊరు వేరు, కథ ఒకటే. ఫస్టియర్ సీ ల్యాబ్‌లో మొదటి రోజు సార్ ప్రోగ్రాం బోర్డు మీద రాసి, టైప్ చేసి సేవ్ చేసి రన్ చేయమన్నారు. సేవ్ చేయడం అంటే ఎక్కడ నొక్కాలో నాకు తెలియదు. ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరం, నా పక్కన కూర్చున్న అమ్మాయి వాళ్లింట్లో చిన్నప్పటి నుంచి కంప్యూటర్ ఉంది, చకచకా కొట్టేసేది. వారానికి ఒక్కసారే ల్యాబ్, మూడు గంటలు. ఆ మూడు గంటల్లో కీబోర్డ్ ఎప్పుడూ తెలిసినవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఎవరూ కావాలని చేయరు, టైం అయిపోతుందని అలా జరుగుతుంది. నేను రికార్డులో ప్రోగ్రాం రాసుకుంటూ కూర్చునేదాన్ని. సెమిస్టర్ చివర ఎక్స్‌టర్నల్ పరీక్షలో ఒక్కదాన్నే సిస్టమ్ ముందు కూర్చుంటే బ్రాకెట్ గుర్తు కీబోర్డ్‌లో ఎక్కడుందో వెతుక్కోవడానికే పదిహేను నిమిషాలు పోయాయి. ప్రోగ్రాం నాకు వచ్చు, లాజిక్ వచ్చు, వేళ్లకే రాదు. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి ఏడ్చాను.

సెకండియర్‌లో మా మావయ్య వాడేసిన పాత ల్యాప్‌టాప్ ఇచ్చారు, 4 జీబీ, బ్యాటరీ లేదు, వైరు తీస్తే ఆగిపోయేది. దాని మీదే నేర్చుకున్నాను. రెండు నెలల్లో భయం పోయింది. అందుకే చెప్తున్నాను, మనలాంటి వాళ్లకి ఫస్టియర్‌లో కావలసింది స్పీడ్ కాదు, ఎవరూ చూడకుండా తప్పులు చేసుకోవడానికి సొంతంగా ఒకటి ఉండడం. ఏ ఫైల్ ఎక్కడికి పోయిందో వెతుక్కోవడం, తప్పు బటన్ నొక్కి మళ్లీ సరిచేసుకోవడం, ఇవి ల్యాబ్‌లో అవ్వవు.


బెంగళూరు ఈసీఈ:

నువ్వు చెప్పిన ల్యాబ్ సంగతి నాకు తట్టలేదమ్మా. మా ఇంట్లో అన్నయ్య కంప్యూటర్ ఉండేది, నేను కాలేజీకి వచ్చేసరికే టైపింగ్ వచ్చు. నా లెక్క నా పరిస్థితికి సరిపోయింది, ఈ అమ్మాయికి సరిపోదు. సరే, ఇప్పుడే కొనండి. కానీ ర్యామ్ తర్వాత పెంచుకునే వీలున్నదే కొనండి, ఆ ఒక్కటి మాత్రం వదలొద్దు.


రిపేరు బల్ల:

ఇద్దరూ మంచి మాట చెప్పారు. నేను ఆ ర్యామ్ దగ్గర నుంచే అందుకుంటాను.

అమ్మా, నువ్వు రాసిన రెండో దానిలో, రైజెన్ 5 7520యూలో, ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, ఆ ప్రాసెసర్‌కి వాడే ర్యామ్ రకమే అలాంటిది. 8 కొంటే చివరిదాకా 8తోనే ఉండాలి. ఇంకో సంగతి, ముందు 7 ఉంది కదా అని అది మరీ కొత్త రకం అనుకోవద్దు. రైజెన్ చేసే ఏఎండీ కంపెనీ ఈ వరసకి పెట్టిన లెక్కలో మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెప్తుంది, లోపలి డిజైన్ ఏ తరందో చెప్పేది మూడో అంకె. ఇక్కడ అది 2. అంటే 2019లో వచ్చిన డిజైన్‌నే చిన్న మార్పులతో మళ్లీ ఇచ్చారు, కోర్లు నాలుగు. చెడ్డది కాదు, బ్యాటరీ బాగానే వస్తుంది, రాసుకోవడానికి చదువుకోవడానికి సరిపోతుంది. కానీ వివాడో లాంటివి వచ్చినప్పుడు ర్యామ్ పెంచలేక చేతులు కట్టేసినట్టు అవుతుంది.

మూడోది, ఐ3, నాకు నచ్చింది. అయితే ఒకే ప్రాసెసర్‌తో కంపెనీలు పది రకాలు చేస్తాయి, కొన్నిటిలో ఇంకో ర్యామ్ పెట్టుకునే ఖాళీ స్లాట్ ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. షాపులో ఆన్ చేయించి టాస్క్ మేనేజర్ తెరవమను. పెర్ఫార్మెన్స్ అని ఉంటుంది, అందులో మెమరీ మీద నొక్కితే కింద స్లాట్లు ఎన్ని, ఎన్ని వాడారు అని చూపిస్తుంది. రెండిట్లో ఒకటి అని ఉంటే మంచిది. పక్కనే సీపీయూ నొక్కితే ప్రాసెసర్ పూర్తి పేరు కూడా కనిపిస్తుంది, షాపాయన నోటితో చెప్పినది కాదు, అక్కడ రాసి ఉన్నది నమ్ము. కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా ఆ మోడల్ నంబర్ కొట్టి సరిచూసుకో. థర్డ్ ఇయర్‌లో ఇంకో 8 జీబీ ర్యామ్ కర్ర (స్టిక్) వేయించుకుంటే 16 అవుతుంది, రెండు కర్రలు ఉంటే స్క్రీన్ పనులు కూడా వేగంగా సాగుతాయి. వారంటీలో ఉండగా అయితే సర్వీస్ సెంటర్‌లోనే వేయించు.

డబ్బు ఇచ్చేముందు ఇంకొన్ని చూడు. విండోస్ వేసి వస్తుందా, లేక డాస్ అని రాసి ఉందా. డాస్ అంటే విండోస్ లేకుండా అమ్ముతున్నారని, షాపులో ఎక్కించే నకిలీ విండోస్‌తో తర్వాత తలనొప్పి. అట్ట డబ్బా సీల్ నీ ముందే కోయించు, డబ్బా మీది సీరియల్ నంబర్, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఒకటేనా చూసుకో. జీఎస్టీ బిల్లు నాన్నగారి పేరు మీదో నీ పేరు మీదో తీసుకో, సీరియల్ నంబర్ బిల్లులో కూడా ఉండాలి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు. స్క్రీన్‌ని పక్కల నుంచి కూడా చూడు, రంగులు తెల్లబోతే నాసిరకం ప్యానెల్. ఫుల్ హెచ్‌డీ ఉండాలి, 1920 బై 1080 అని. మూతని ఒక్క చేత్తో తెరిచి చూడు, కిర్రుమంటుందా, అడుగు భాగం కూడా లేచి వస్తుందా అని.

నా బల్ల మీదికి ఎక్కువ వచ్చేవి ఏమిటో కూడా చెప్తాను. మూత పక్క హింజ్ విరిగినవి మొదటి రకం, స్క్రీన్ పట్టుకుని ల్యాప్‌టాప్ ఎత్తడం వల్లే. చార్జర్ వైరు తగిలి కింద పడి పిన్ను వంగినవి. మంచం మీద దుప్పటి మీద పెట్టి వాడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోయి వేడెక్కి ఫ్యాన్ పోయినవి. ఇక టీ, సాంబారు. ఏదైనా ఒలికితే వెంటనే చార్జర్ పీకి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి, బోర్లించి మా దగ్గరికి తీసుకురండి. ఆరిందిలే అని ఆన్ చేసి చూస్తారు చూడు, అప్పుడే బోర్డు కాలిపోతుంది. హాస్టల్లో ఒక గట్టి అట్టో, చెక్క పలకో పెట్టుకుని దాని మీద వాడుకో.


పొదిలి అమ్మాయి:

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాను. నోకాస్ట్ ఈఎంఐ తీసుకుంటే నాన్న డబ్బు కొంత చేతిలో ఉంటుంది కదా, అది మంచిదేనా? ఎంఎస్ ఆఫీస్ విడిగా కొనాలా?


బెంగళూరు ఈసీఈ:

చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఈఎంఐ వద్దు. వడ్డీని ధరలో తగ్గించి చూపిస్తారు గానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు నీకే పడతాయి, క్యాష్ ఇచ్చేవాళ్లకి ఉండే తగ్గింపు కూడా పోవచ్చు. ఆఫీస్‌కి డబ్బు పెట్టొద్దు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లతో కలిపే వస్తుంది, రాకపోతే లిబ్రేఆఫీస్ ఉచితం. కాలేజీ మెయిల్ ఐడీ ఇచ్చాక మైక్రోసాఫ్ట్ వాళ్లది ఉచితంగా వస్తుందేమో ఆఫీసులో అడుగు, చాలా కాలేజీలకి ఉంటుంది. మిగిలిన డబ్బుతో ఒక మామూలు మౌస్, ఒక మంచి బ్యాగు కొనుక్కో, చాలు.


పొదిలి అమ్మాయి:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నాన్న, నేను ఒంగోలు వెళ్లి రెండు షాపులు తిరిగాం. మొదటి షాపులో ఐ3దే కానీ టాస్క్ మేనేజర్‌లో చూస్తే స్లాట్ ఖాళీ లేదు. నేను అది తెరవమని అడిగితే అక్కడున్నాయన నా వంక ఆశ్చర్యంగా చూశాడు. నాన్న కూడా చూశారు. రెండో షాపులో ఐ3-1215యూనే, వేరే కంపెనీది, రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ, విండోస్ 11, ఆఫీస్ కలిపి 41,500. సీరియల్ నంబర్ డబ్బా మీద ఉన్నది నాన్న చదివారు, అడుగున ఉన్నది నేను చదివాను, సరిపోయింది. బిల్లు నా పేరు మీద రాయించారు. నా పేరు మీద వచ్చిన మొదటి బిల్లు ఇదే.

ఇది ల్యాప్‌టాప్ మీదే టైప్ చేస్తున్నాను, విండోస్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టుకుని. ఈ కాస్త రాయడానికి గంట పైనే పట్టింది. అక్కా, ఒక్క డౌట్. ‘కృతజ్ఞతలు’ అని రాద్దామంటే జ కింద ఆ ఞ ఎలా పెట్టాలో ఎంత వెతికినా దొరకలేదు, చివరికి ఫోన్ నుంచి కాపీ చేసి పెట్టాను.


ఫైనల్ ఇయర్ ఈసీఈ:

జ కొట్టు, వెంటనే పొల్లు కొట్టు, తర్వాత ఞ. ఞ కోసం షిఫ్ట్ పట్టుకోవాలి. మూడూ వరసగా కొడితే అదే కలిసిపోతుంది. ఏ వత్తుకైనా ఇదే పద్ధతి, మధ్యలో పొల్లు. ఒకసారి కొట్టి చూసి చెప్పు చెల్లీ.


పొదిలి అమ్మాయి:

కృతజ్ఞతలు అక్కా. వచ్చింది.